పాత ట్రాక్టర్ ఎంపిక: మాసీ 1035, మహీంద్రా బి275, హెచ్‌ఎంటీ 2511, ఐషర్ 241లలో మీ పొలానికి ఏది?

పాత ట్రాక్టర్ చూడ్డానికి వెళ్లినవాళ్లు ముందు బానెట్ ఎత్తుతారు. పొగ చూస్తారు, ఇంజను శబ్దం వింటారు, బేరమంతా అక్కడే నడుస్తుంది. నిజానికి ముప్ఫై నలభై ఏళ్ల బండిలో తేలిగ్గా బాగయ్యేది ఇంజనే. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు సెట్టుగా దొరుకుతాయి. ఎంతవుతుందో బోరింగ్ షాపులో ముందే చెప్పేస్తారు. విప్పేదాకా ఎవరూ లెక్క చెప్పలేనివి సీటు కింద ఉంటాయి: గేరుబాక్సు, క్రౌన్ పినియన్ (వెనక చక్రాలకు శక్తిని మళ్లించే గేర్ల జత), లిఫ్టు (వెనక పనిముట్టును ఎత్తే హైడ్రాలిక్). ఇంజను పోయిన బండిని ధర తగ్గించుకుని కొనొచ్చు. వెనక భాగం పోయిన బండి సగం ధరకు వచ్చినా వద్దు. ఈ పోలిక అంతా ఆ లెక్కతోనే రాస్తున్నాం.

ముందు తేల్చుకోవాల్సింది: రోటావేటర్ కడతారా?

ఐదు నుంచి పది ఎకరాల సొంత సేద్యం ఉన్నవాళ్లు మోడల్ వెతకడానికి ముందే ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. గొర్రు తోలడానికి, ట్రక్కు లాగడానికి, దమ్ముకు, నూర్పిడికి పాత బండ్లన్నీ ఎంతో కొంత పనికొస్తాయి. రోటావేటర్ (తిరిగే బ్లేడ్లతో మట్టిని పొడి చేసే పనిముట్టు) దగ్గరికి వచ్చేసరికే తేడా బయటపడుతుంది.

మొదటి తేడా క్లచ్‌లో ఉంది. సింగిల్ క్లచ్ బండిలో పెడల్ తొక్కితే చక్రాలతోపాటు పీటీఓ (వెనక పనిముట్టును తిప్పే షాఫ్టు) కూడా ఆగిపోతుంది. గట్టి పెళ్లలు తగిలి ఇంజను దిగిపోతున్నప్పుడు బండిని ఆపి, రోటార్‌ను మాత్రం తిరగనిచ్చి మట్టి వదిలించుకునే వీలుండదు. ఇంకో చిక్కు కూడా ఉంది. పీటీఓ గేరుబాక్సు మీదుగా తిరిగే పాత బండ్లలో, క్లచ్ తొక్కిన తర్వాత కూడా రోటార్ తన ఊపు మీద తిరుగుతూ షాఫ్టు ద్వారా గేర్లను తోస్తుంది. దాంతో బండి ఒకటి రెండు అడుగులు ముందుకు పోతుంది. గడ్డి కోసే స్లాషర్‌తో ఇది ఇంకా ఎక్కువ. బావి గట్టునో కాలవ ఒడ్డునో ఆ రెండడుగులు ప్రాణం మీదికి వస్తాయి. ఆరు పళ్లు, 1 3/8 అంగుళాల పీటీఓ షాఫ్టుకు సరిపోయే ఓవర్ రన్నింగ్ కప్లింగ్ వేస్తే తోపుడు ఆగుతుంది. అది లేకుండా సింగిల్ క్లచ్ బండికి రోటావేటర్ గానీ స్లాషర్ గానీ కట్టొద్దు. కప్లింగ్ వేశాక షాఫ్టు పొడవు పెరుగుతుంది కాబట్టి లిఫ్టు పైకెత్తి, కిందికి దించి, షాఫ్టు రెండు గొట్టాలూ ఒకదానిలో ఒకటి మొదలంటా దిగి గుద్దుకోవడం లేదని చూసుకోవాలి.

బండికి డ్యూయల్ క్లచ్ ఉందో లేదో అమ్మేవాళ్ల మాట మీద వదలకండి. పీటీఓ తిప్పి, మొదటి గేరులో నెమ్మదిగా కదిలిస్తూ పెడల్‌ను సగం వరకు తొక్కండి. బండి ఆగి పీటీఓ తిరుగుతూ ఉంటే డ్యూయల్. రెండూ ఒకేసారి ఆగితే సింగిల్, లేదా రెండో ప్లేటు సర్దుబాటు పోయింది.

రెండో తేడా వేగం. గట్టి నేలలో మొదటి సాలుకు గంటకు 2 నుంచి 3 కిలోమీటర్లు మించితే పెళ్లలు పగలవు, బ్లేడ్లు విరుగుతాయి. పొలంలో 20 మీటర్లు కొలిచి గుర్తు పెట్టండి. పీటీఓ 540 తిరిగే ఇంజను వేగంలో, లో మొదటి గేరులో నడపండి. 36 సెకన్లు పడితే గంటకు 2 కిలోమీటర్లు, 24 సెకన్లు పడితే 3. ఇరవై సెకన్లలోపే దాటేస్తే ఆ బండి రోటావేటర్‌కు పనికిరాదు. హెచ్‌పీ సంగతికొస్తే ఐదడుగుల రోటావేటర్‌కు 40 దగ్గర కావాలి. పాతబడ్డ 35 హెచ్‌పీ బండికి నాలుగడుగులది చాలు.

మా సలహా సూటిగా చెప్పాలంటే: రోటావేటర్ పని ఏడాదికి నాలుగైదు రోజులే అయితే ఆ రోజులకు కొత్త బండిని కిరాయికి పిలిపించుకోండి. మిగతా ఏడాదంతా చేసే గొర్రు, ట్రక్కు పనులకు తగ్గట్టు పాత బండిని ఎంచుకోండి.

మాసీ ఫెర్గూసన్ 1035

చెన్నైలో 1960లో మొదలైన టాఫే తయారీ, సింప్సన్ మూడు సిలిండర్ల ఇంజను. తెలుగు పల్లెల్లో దీని పని తెలియని మెకానిక్ అరుదు. ఇదే పేరుతో డీఐ (డీజిల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజను) మోడల్ ఇప్పటికీ అమ్ముడవుతోంది కాబట్టి విడిభాగాలకు వెతుకులాట ఉండదు. బరువు దాదాపు 1,700 కిలోలు, వెనక టైర్లు 12.4-28. పాతవాటిలో డీఐ కాని ఇంజన్లు కూడా ఉన్నాయి. అవి చలికాలం పొద్దున్నే మొండికేస్తాయి, డీజిల్ కాస్త ఎక్కువ తాగుతాయి. ఇంజను ప్లేటు చదివి ఏ రకమో రాసుకోండి. విడిభాగాల కొట్టులో ట్రాక్టర్ పేరుకన్నా ఆ ప్లేటు మీది నంబరే అక్కరకొస్తుంది.

దీని బలమూ బలహీనతా రెండూ లిఫ్టే. ఫెర్గూసన్ పద్ధతిలో లిఫ్టు పంపు వెనక హౌసింగ్ లోపల, ఆయిల్‌లో మునిగి ఉంటుంది. పీటీఓను తిప్పే షాఫ్టే దాన్నీ తిప్పుతుంది. అందువల్ల పీటీఓ లీవరు న్యూట్రల్‌లో ఉంటే లిఫ్టు లేవదు. సింగిల్ క్లచ్ బండిలో పెడల్ తొక్కినా లేవదు. ఇది తెలియక బాగున్న బండిని లిఫ్టు పోయిందని వదిలేసి వచ్చేవాళ్లున్నారు. గేర్లకూ లిఫ్టుకూ ఆయిల్ ఒక్కటే, దాదాపు 30 లీటర్లు. దమ్ములో యాక్సిల్ సీలు దాటి నీళ్లు లోపలికి పోతే గేర్లతోపాటు పంపు కూడా అరిగిపోతుంది.

పరీక్ష ఇలా చేయండి. తొమ్మిది చెక్కల గొర్రు తగిలించి పైకెత్తండి. ఇంజను నడుస్తుండగా గొర్రు కొద్దిగా దిగి, మళ్లీ లేచి, మళ్లీ దిగుతుంటే లిఫ్టు సిలిండర్ రింగు గానీ కంట్రోల్ వాల్వు గానీ లీకవుతోంది. దిగినంత మేరా పంపు మళ్లీ ఎత్తుతుంటుంది, అందుకే ఆ ఊగిసలాట. తర్వాత ఇంజను ఆపేయండి. గొర్రు అయిదు నిమిషాలు నిలబడితే లిఫ్టు బాగున్నట్టు. ఆపిన వెంటనే దబ్బున కూలితే లిఫ్టు కవర్ విప్పక తప్పదు. చల్లగా ఉన్నప్పుడు చేసిన పరీక్షకు విలువ లేదు. ఆయిల్ వేడెక్కి పలచబడ్డాక, కనీసం అరగంట దుక్కి తర్వాత చూడాలి.

ఒక చోట మెత్తగా, ఒక చోట గట్టిగా ఉండే నేలలో డ్రాఫ్ట్ కంట్రోల్ ఈ బండికి పెద్ద ఆస్తి. గట్టి చోట నాగలిని తనంతట తానే కొంచెం ఎత్తి ఇంజను ఆగిపోకుండా కాస్తుంది. చాలామంది పొజిషన్ లీవరు ఒక్కటే వాడి డ్రాఫ్ట్ లీవరు ముట్టుకోరు. ఏళ్ల తరబడి కదలక టాప్ లింక్ (పనిముట్టును పైవైపు బండికి కలిపే కడ్డీ) స్ప్రింగ్ దగ్గర పట్టేసి ఉంటుంది. చేత్తో టాప్ లింక్‌ను ముందుకూ వెనక్కూ ఆడించి చూడండి. బోల్టు వదులు వేరు, స్ప్రింగ్ కదలిక వేరు.

మహీంద్రా బి275

ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ఇంగ్లండులో చేసిన బండి, మహీంద్రా 1960లలో ఇక్కడ మొదలుపెట్టింది. నాలుగు సిలిండర్లు, 144 ఘనపుటంగుళాలు, అంటే 2,360 సీసీ చుట్టూ. ఎనిమిది ముందు గేర్లు, రెండు వెనక గేర్లు. మాసీ పాత గేరుబాక్సులోని ఆరింటితో పోలిస్తే పనికి తగ్గ వేగం దొరకడం తేలిక. నాలుగు సిలిండర్లు కాబట్టి నడక నున్నగా ఉంటుంది. నీళ్ల పంపో నూర్పిడి యంత్రమో గంటల తరబడి తిప్పేవాళ్లకు ఆ నున్నదనం విలువ తెలుస్తుంది.

కొనేవాళ్లు పొరబడేది పేరు దగ్గర. ఇప్పుడు షోరూముల్లో ఉన్న 275 డీఐ ఇంజను మూడు సిలిండర్లది, పాత బి275ది నాలుగు. పేరులో 275 ఉంది కదా అని ఇంజను సామాన్లు మారవు. ఇంజను పని చేయించే ముందే గాస్కెట్ సెట్, లైనర్ సెట్, వాటర్ పంపు మీ దగ్గరి టౌన్లో దొరుకుతాయో లేదో చూసుకోండి. హీటర్ ప్లగ్గులున్న పాత ఇంజనైతే అవి ఒకే తీగ మీద ఒకదాని తర్వాత ఒకటి (సిరీస్‌లో) ఉన్నాయేమో గమనించండి. ఆ పద్ధతిలో ఒక్కటి మాడితే మిగతావీ వేడెక్కవు, జనం బ్యాటరీని తిట్టుకుంటారు.

హెచ్‌ఎంటీ 2511

చెకోస్లొవేకియా జెటర్ డిజైన్, హెచ్‌ఎంటీ 1971లో పింజోర్‌లో మొదలుపెట్టింది. రెండు సిలిండర్లు, 25 హెచ్‌పీ. లోహం దండిగా పోసి చేసిన బండి. గేర్లు, యాక్సిళ్లు మెత్తగా వాడితే తరాలు నిలుస్తాయి. కానీ హెచ్‌ఎంటీ ట్రాక్టర్ విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. కొత్త సామాను వచ్చే దారి సన్నబడింది. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో వెతికి, దొరక్కపోతే లేత్ మీద చేయించుకోవాల్సిందే.

కాబట్టి మా లెక్క ఇది: ఇంట్లో ఇప్పటికే ఉంటే ఉంచుకోండి. కొత్తగా కొనేట్టయితే పక్క ఊళ్లో పడి ఉన్న రెండో 2511ను కూడా సామాను కోసం తెచ్చుకోగలిగితేనే కొనండి. లైనర్ల చుట్టూ నీళ్లు తిరిగే ఇంజను ఇది. లైనర్ కింది రబ్బరు రింగులు గట్టిపడితే నీళ్లు ఆయిల్లోకి దిగుతాయి. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున స్టార్ట్ చేయకముందే చాంబర్ (అడుగున ఇంజనాయిల్ ఉండే తొట్టి) డ్రెయిన్ బోల్టు కాస్త వదులు చేస్తే, నీళ్లుంటే అవే ముందు కారతాయి.

ఐషర్ 241

ఐషర్ 1959లో ఫరీదాబాద్‌లో మన దేశపు మొదటి ట్రాక్టర్ చేసింది. ఆ వరసలోదే 241: ఒకే సిలిండర్, 1,557 సీసీ, 25 హెచ్‌పీ, గాలితో చల్లబడే ఇంజను. రేడియేటర్ లేదు, వాటర్ పంపు లేదు, హోసులు లేవు. పనిచేసే మెకానిక్ దూరంగా ఉన్న ఊళ్లకు ఇంతకన్నా తేలికైన ఇంజను లేదు. ఐషర్ ట్రాక్టర్లు 2005లో టాఫే చేతికి వచ్చాయి. 241 సామాను ఇప్పటికీ దొరుకుతుంది.

దీనికి చెడు చేసేది దుమ్ము. నూర్పిడి దగ్గర ఊక, పొట్టు సిలిండర్ రెక్కల మధ్య చేరి, అక్కడ చెమర్చిన ఆయిల్‌తో కలిసి గట్టి పొరగా పడుతుంది. బయటికి ఏమీ తెలియదు, నీళ్లు మరిగే హెచ్చరిక కూడా ఉండదు. ఒక్కసారిగా పిస్టన్ పట్టేస్తుంది. రోజూ పని అయ్యాక రెక్కలు గాలితో ఊదించాలి, బ్లోయర్ బెల్టు వేలితో నొక్కి చూడాలి. ఒంటి సిలిండర్ అదురుకు బోల్టులు వదులవుతాయి. ముఖ్యంగా ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్యనున్నవి, ముందు యాక్సిల్ బ్రాకెట్‌వి నెలకోసారి బిగించాలి.

మిగతావి, క్లుప్తంగా

ఎస్కార్ట్స్ చేసిన ఫోర్డ్ 3600 బలమైన బండి, ఇక్కడ చెప్పినవాటన్నిటికన్నా పెద్దది. బ్లాకులో లైనర్లు ఉండవు. బోరు అరిగితే పెద్ద సైజు పిస్టన్లు వేయాలి, ఆ సైజులన్నీ అయిపోయాక బ్లాకుకు స్లీవులు దిగేయించాలి. ఇప్పటికి ఎన్నోసారి బోరింగ్ అయిందో అడగండి. పదెకరాలలోపు ఉన్నవాళ్లకు ఇది ఎక్కువే. పంజాబ్ ట్రాక్టర్స్ 1974 నుంచి తెచ్చిన స్వరాజ్ బండ్లలో 735 నమ్మకమైనది, కిర్లోస్కర్ ఇంజను, సామానుకు ఢోకా లేదు. మాసీ మెకానిక్ దగ్గర్లో లేకపోయి స్వరాజ్ మెకానిక్ ఉంటే ఆలోచించకుండా అదే తీసుకోండి.

మీ నేల ఏది చెబుతుందో వినండి

డెల్టా నల్లరేగడిలో దమ్ము చేసేవాళ్లు తేలికైన బండి వైపు చూడాలి. వెనక టైర్లలో నీళ్లు నింపి ఉంటే దమ్ముకు ముందు తీసేయాలి. 12.4-28 టైరులో ముప్పావు వంతు నింపితే ఒక్కోదానిలో 150 లీటర్ల పైచిలుకు ఉంటుంది. అంత బరువుతో దిగబడితే ఇంకో బండి వచ్చి లాగాల్సిందే. ఎర్ర చెలకలో, మెట్టలో పెద్ద నాగలి లాగేటప్పుడు మాత్రం అదే నీళ్లు చక్రం జారకుండా కాస్తాయి.

ఈ పాత బండ్లకు సాధారణంగా పొడి బ్రేకులు ఉంటాయి. కొత్తవాటిలాగా ఆయిల్‌లో మునిగి ఉండవు. దమ్ము చేసిన మర్నాడు బురద నీళ్లకు తుప్పుపట్టి ఒక వైపు పట్టేస్తాయి. అదే రోజు ట్రక్కు కట్టి రోడ్డెక్కితే ఒక చక్రమే ఆగి బండి పక్కకు లాగుతుంది. రోడ్డు మీద రెండు పెడళ్లనూ కలిపే పట్టీ తప్పకుండా వేయాలి.

దమ్ము బండిలో చూడాల్సిన చిన్న చోటు ఒకటుంది. ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య క్లచ్ హౌసింగ్ అడుగున ఒక రంధ్రం ఉంటుంది. దమ్ముకు ముందు దానికి ప్లగ్గు బిగించాలి, తర్వాత తీసేయాలి. ప్లగ్గు తీసి కింద అట్టముక్క పెట్టి ఒక రాత్రి వదిలేయండి. నల్లని ఆయిల్ పడితే ఇంజను వెనక సీలు పోయింది. లేత రంగు, చిక్కటి ఆయిల్ పడితే గేరుబాక్సు ముందు సీలు. ఏది పోయినా ఇంజనునూ గేరుబాక్సునూ విడదీయక తప్పదు. విడదీసినప్పుడు క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, ఫ్లైవీల్ నడిమి చిన్న బేరింగ్, రెండు సీళ్లూ ఒకేసారి మార్చండి. సామాను ఖర్చుకన్నా విడదీసి కలిపే కూలీ ఎక్కువ.

చెట్టు కింద ఆగిపోయిన ఇంటి బండిని లేపడమా, వేరేది కొనడమా?

బ్లాకు పగలకుండా, గేర్లు చేత్తో పడుతూ, ఆర్‌సీ మీ పేరునో నాన్నగారి పేరునో ఉంటే లేపడమే మంచిది. దాని గతం మీకు తెలుసు, బయటి బండిది తెలియదు. బ్లాకు పగిలినా, క్రౌన్ పళ్లు విరిగినా దాన్ని సామాను కింద ఉంచుకుని ఇంకోటి చూసుకోండి.

లేపేటప్పుడు తొందరపడి తాడు కట్టి లాగొద్దు. ఇంజెక్టర్లు విప్పి ఒక్కో సిలిండర్‌లో 20–30 మిల్లీలీటర్ల డీజిల్, ఇంజనాయిల్ కలిపి పోసి రెండు రోజులు వదిలేయాలి. తర్వాత ఫ్లైవీల్ పళ్లకు బారు తగిలించి చేత్తో తిప్పాలి. ఇంజను తేలిగ్గా తిరిగాకే స్టార్టర్. ట్యాంకు కడగాలి, డీజిల్ ఫిల్టర్లు రెండూ మార్చాలి, ఎయిర్ క్లీనర్‌లో ఎలుక గూడు ఉందేమో చూడాలి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఒక మనిషి తడి గోనెసంచి పట్టుకుని గాలి పీల్చే గొట్టం దగ్గర నిలబడాలి. ఏళ్లుగా కదలని డీజిల్ పంపులో రాక్ (డీజిల్ మోతాదు మార్చే కడ్డీ) పట్టేసి ఉంటే ఇంజను అదుపు లేకుండా రేసెక్కుతుంది, స్టాప్ నాబ్ లాగినా ఆగదు. గాలి మూసేయడమొక్కటే దారి. చేయి అడ్డం పెట్టొద్దు.

బేరానికి ముందు, గంటన్నర పరీక్ష

మీరు వెళ్లేసరికి ఇంజను వేడిగా ఉంటే చల్లారాక వస్తామని చెప్పండి. చల్లగా స్టార్ట్ అవడం ఒక పరీక్ష. గంట పని చేయించి, ఆపి, పది నిమిషాల తర్వాత మళ్లీ స్టార్ట్ చేయడం రెండోది. రోటరీ డీజిల్ పంపు అరిగిన బండి చల్లగా ఉన్నప్పుడు బాగానే లేస్తుంది, వేడెక్కాక మొండికేస్తుంది. డీజిల్ పలచబడి పంపు లోపలే జారిపోవడం దానికి కారణం.

వేడి మీద ఆయిల్ పోసే మూత తీయండి. సన్నటి ఆవిరి మామూలే. రైలింజను లాగా బుస్సుబుస్సుమని పొగ తన్నితే రింగులు పోయాయి. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీసి, ఆ తర్వాత స్టార్ట్ చేసి బుడగలు చూడండి. ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్టో హెడ్డో పోయినట్టు. ఇంతకుముందు క్రాంక్ ఏ సైజుకు గ్రైండింగ్ అయిందో అడగండి. ముప్ఫై సైజు దాటితే సాధారణంగా క్రాంకే మార్చాలి.

గొర్రు దించి ఒక్కో గేరులో లాగించండి. లోడు మీద, లోడు తీసినప్పుడు గేరు దానంతటదే జారి బయటికి వస్తుంటే బేరం ఆపేయొచ్చు. ముందు భాగం జాకీ మీద లేపి చక్రాలను పైనా కిందా పట్టుకుని ఆడించండి. కింగ్ పిన్ (ముందు చక్రం తిరిగే పిన్ను) బుష్షులు చౌక, ముందు యాక్సిల్ నడిమి పిన్ను హౌసింగ్ అరిగితే చౌక కాదు. వెనక టైర్ల లోపలి వైపు ఆయిల్ జాడ ఉంటే యాక్సిల్ సీలు పోయినట్టు.

ట్రక్కు ఎప్పుడూ డ్రాబార్‌కే తగిలించాలి. టాప్ లింక్ దగ్గర గొలుసు కట్టి లాగిస్తే ముందు చక్రాలు లేచి బండి డ్రైవర్ మీదికే తిరగబడుతుంది. ఈ పాత బండ్లకు రక్షణ చట్రం లేదు.

కాగితాలు

వ్యవసాయ ట్రాక్టర్ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత అయిదేళ్లకోసారి ఫారం 25తో రెన్యూవల్ చేయించాలి. గడువు దాటిన బండైతే అమ్మేవాళ్ల చేతే రెన్యూవల్ చేయించి తర్వాత డబ్బివ్వండి. పేరు మార్పుకు 29, 30 ఫారాలు, ఫైనాన్స్ ఆర్‌సీలో ఉంటే అది తీర్చిన రుజువుతో ఫారం 35 కావాలి. తెలంగాణ నుంచి ఆంధ్రకు గానీ, అటు నుంచి ఇటు గానీ బండి మారితే ఫారం 28 మీద ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలి. ట్రక్కుకు వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, దాని కాగితాలు విడిగా అడగండి. ఆర్‌సీలోని చాసిస్ నంబరును బండి మీద గుడ్డతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి. అంకెల చుట్టూ గ్రైండర్ గీతలో వెల్డింగ్ మచ్చలో కనబడితే అక్కడి నుంచే వెనక్కి రండి.

కొని ఇంటికి తెచ్చాక మొదటి పనికి ముందే ఇంజనాయిల్, వెనక హౌసింగ్ ఆయిల్, ఫిల్టర్లు మార్చండి. తీసిన ఆయిల్‌ను పళ్లెంలో పోసి, అడుగున అయస్కాంతం తిప్పండి. సన్నటి పొడి వస్తే వయసుకు తగ్గ అరుగుదల. గోరంత ముక్కలు అంటుకుంటే బండిని పొలంలోకి కాకుండా మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లండి.